మూడేళ్ల తర్వాత వేసిన అట్ట

చూసి కూడా చెప్పకుండా ఊరుకోవడం అబద్ధమాడటం కిందికి వస్తుందా, రాదా? పదకొండేళ్లుగా దేవుడి ముందు నిలబడ్డప్పుడల్లా ఆవిడ ఈ ప్రశ్న అడుగుతూనే ఉంది. జవాబు రాలేదు. తన మాటకు జవాబు చెప్పకపోవడం ఇంట్లో అందరికీ అలవాటే కనుక, దేవుణ్ణీ ఆవిడ తప్పుపట్టలేదు.

భర్తది పాత పుస్తకాల వ్యాపారం. ఇంటి ముందుగదే కొట్టు. తొలి ముద్రణలను పసిగట్టడంలో ఆయనకు పేరుంది. పుస్తకం చేతికి రాగానే మొదటి పేజీలో సంవత్సరం చూస్తాడు, అచ్చుతప్పులు సరిచూస్తాడు, తేల్చేస్తాడు. ఆ తర్వాత అది వంటింటి పక్క గదిలోకి, ఆవిడ దగ్గరికి వస్తుంది. దుమ్ము దులపడం, ఊడిన కుట్టు బిగించడం, చిరిగిన అంచుకు పల్చటి కాగితం అతికించడం ఆవిడ వంతు. దాన్నెవరూ పని అనలేదు. "మా కోడలికి ఇంట్లో ఏం తోస్తుంది, ఏదో పుస్తకాలతో కాలక్షేపం" అనేవారు అత్తగారు, ఉన్నన్నాళ్లూ. పొయ్యి మీద పాల వైపు ఒక కన్ను వేసి చేసిన ఆ కాలక్షేపంలోనే, ముప్పై ఏళ్లలో ఆవిడ వేళ్లకు కళ్లొచ్చాయి.

పదకొండేళ్ల కిందట అలాగే ఒక కథల పుస్తకం వచ్చింది. అచ్చు మొదటిదే, సందేహం లేదు. అట్ట మాత్రం కాదు. మొదట బైండు చేసిన ప్రతులకు నున్నటి ఆకుపచ్చ కాలికో గుడ్డ, దారపు కుట్టు. దీనికి గరుకు గుడ్డ, ఇనప పిన్నులు. అట్టతో పాటు చివర కలిపిన పేజీలో ప్రచురణకర్త వేసుకున్న పుస్తకాల జాబితాలో, మూడేళ్ల తర్వాత గానీ రాని పుస్తకం పేరుంది. అచ్చయి, ఇంకా కుట్టని కాగితాల ఫారాలు కొన్ని మూడేళ్లు గోదాములో పడి ఉండి, ఆనక చవగ్గా అట్ట వేయించుకున్నాయన్నమాట. ఆ సంగతి చెబుదామని ముందుగదిలోకి వెళ్తే, కొనడానికి వచ్చిన మాస్టారు కూర్చుని ఉన్నారు.

"ఏమండీ, ఈ అట్ట..." అందో లేదో భర్త నవ్వాడు. "మా ఆవిడకి పుస్తకమంటే అట్టే మాస్టారూ! బట్టల కొట్లో బేరమాడినట్టు నలిపి నలిపి చూస్తుంది."

మాస్టారూ నవ్వారు. ఆవిడ కూడా నవ్వేసి, ఖాళీ టీ కప్పులు తీసుకుని లోపలికి వచ్చేసింది. వాళ్ల నవ్వు మర్చిపోయింది గానీ, తన నవ్వు మర్చిపోలేకపోయింది.

ఇవాళ మాస్టారు అదే పుస్తకం సంచిలో పెట్టుకుని వచ్చారు.

"రేపు గ్రంథాలయానికి ఇచ్చేస్తున్నానమ్మా. 'మొదటి ముద్రణ, మొదటి అట్ట' అని నా పేరుతో అద్దాల బీరువాలో పెడతారట. చూడ్డానికి పెద్ద పెద్ద వాళ్లు వస్తున్నారు. కాస్త ముస్తాబు చేసి పెట్టు తల్లీ."

ఆవిడ పుస్తకం అందుకుంది. రేపు వచ్చేవాళ్లలో ఎవరో ఒకరు చివరి పేజీ తిప్పుతారు. నలుగురిలో ఈ పెద్దాయన తల దించుకోవాలి.

"మాస్టారూ, ఇది మొదటి అట్ట కాదండీ."

"మళ్లీ మొదలెట్టావా?" అన్నాడు భర్త, తల ఎత్తకుండానే.

"అప్పుడు మొదలెట్టనిస్తే కదండీ, ఇప్పుడు మళ్లీ అనడానికి!"

ఆవిడ పుస్తకం తెరిచి పట్టుకుంది. తుప్పు పట్టిన పిన్నులు చూపించింది. గుడ్డ నిమిరి చూడమంది. చివరి పేజీ తిప్పి, మూడేళ్ల తర్వాత వచ్చిన పుస్తకం పేరు మీద వేలు పెట్టి, గోదాము సంగతి చెప్పింది. మాస్టారు కళ్లజోడు సవరించుకుని రెండుసార్లు చదివారు. భర్త లేచి వచ్చాడు. ముందు పేజీ చూశాడు, చివరి పేజీ చూశాడు, మళ్లీ ముందుకొచ్చాడు.

"ఈ జాబితా నేనెప్పుడూ చదవనే లేదోయ్" అన్నాడు నెమ్మదిగా. తన కుర్చీ ఆవిడ వైపు జరిపాడు. ఆవిడ కూర్చుంది. ఆ కుర్చీలోంచి కొట్టంతా కనిపిస్తుందని ఆవిడకు ఇప్పుడే తెలిసింది.

మాస్టారు పుస్తకం మూసి ఒళ్లో పెట్టుకున్నారు. తర్వాత పకపకా నవ్వారు. "మొదటి అట్ట, మొదటి అట్ట అని ఇంటికొచ్చిన ప్రతివాణ్ణీ ఊదరగొట్టేశాను కదమ్మా! పోనీలే, రేపు గోదాము కథ కూడా కలిపి చెప్తాను, చీటీ మార్పిస్తాను." నవ్వు ఆపి ఆవిడ వైపు చూశారు. "అమ్మా, ఆ రోజే తెలుసా నీకు?"

ఇవాళే గమనించానండీ అంటే సరిపోతుంది. భర్త పరువూ నిలుస్తుంది, తనదీ నిలుస్తుంది. దేవుడు కూడా ఎప్పట్లాగే ఊరుకుంటాడు.

"తెలుసు మాస్టారూ. ఆ రోజే మీకు ముట్టజెప్పాల్సిన మాట. ఆలస్యమైంది, ఇప్పుడు తీసుకోండి."

"ముట్టింది తల్లీ" అన్నారు మాస్టారు.