గలీబు గౌన్లు

దిండు గలీబుని మూసి ఉన్న వైపు కత్తిరించి, చంకల దగ్గర గుండ్రంగా తీసి, మెడ దగ్గర ముందూ వెనకా మడత పెట్టి కుట్టి, ఆ మడతల్లోంచి రిబ్బన్లు దూరిస్తే ఒక ఆడపిల్లకి గౌను తయారవుతుంది. రిబ్బన్లని రెండు భుజాల మీదా పువ్వు ముడి వేస్తే గౌను నిలుస్తుంది, లేకపోతే జారిపోతుంది. ఇంత సులువైన గౌను ఇంకొకటి లేదు. అమెరికాలో, హెర్న్‌డన్‌లో మా తెలుగు ఫెలోషిప్ ఆడవాళ్ళం ప్రతి ఏడాదీ ఆఫ్రికాలో మలావీ దేశంలోని ఒక అనాథాశ్రమానికి వీటిని కుట్టి పంపుతాం. కుట్టి పంపుతాం అని నలుగురినీ కలుపుకోవడం మర్యాద కోసం. గలీబులు అందరూ తెచ్చి ఇస్తారు, అందులో కొన్ని ఉతికి కూడా ఉండవు. కుట్టేది మాత్రం నేనే. నర్సింగ్ హోమ్‌లో డ్యూటీ దిగి వచ్చి, భోజనాల బల్ల మీద మిషను పెట్టుకుని, పొయ్యి మీద పప్పు ఉడికేలోపు ఒక గౌను, కూర మగ్గేలోపు ఇంకొకటి.

తీసుకెళ్ళేది మా ఆయన ప్రేమ్‌రాజ్. వర్జీనియా తెలుగు చర్చిల్లో బ్రదర్ ప్రేమ్‌రాజ్ అంటే తెలియనివాళ్ళు తక్కువ. జూలై వస్తే ఒక అమెరికన్ చర్చి వాళ్ళతో కలిసి మిషన్ ట్రిప్‌కి టీమ్‌ని తీసుకెళ్తారు, వచ్చాక ఆదివారం ఆరాధనలో అక్కడ దేవుడు ఏం చేశాడో సాక్ష్యం చెబుతారు. తెర మీద ఫోటోలు వస్తుంటాయి. ఆయన ఒళ్ళో పిల్లలు, వీపు మీద పిల్లలు, ఆయన చేతి ముద్దకి నోరు తెరిచిన పిల్లలు. మా అమ్మాయి కెజియా పుట్టినప్పుడు ‘మెడ నిలబడనీ, ఎత్తుకుంటాలే’ అన్న మనిషి ఈయనే. మెడ నిలబడింది, పిల్ల నడిచింది, ఇప్పుడు కారు కూడా నడుపుతోంది. నేను కుట్టిన గౌన్లు ఆయన పంచడం ఫోటోల్లో చూసి ఒకసారి నవ్వుతూనే ‘అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టుందండీ’ అన్నాను. ‘సేవలో నీది నాది ఏంటి ప్రమోదా, గర్వం కాకపోతే’ అన్నారు. గర్వమేనేమో అని నేను నిజంగానే దేవుణ్ణి క్షమాపణ అడిగాను. తలుచుకుంటే ఇప్పుడు ఒళ్ళు మండుతుంది.

నాకు ఒక్కసారి అక్కడికి వెళ్ళాలని ఉండేది. మా అమ్మ ఒంగోలు మిషన్ హాస్టల్లో పెరిగిన తండ్రి లేని పిల్ల. క్రిస్మస్‌కి అమెరికా నుంచి బట్టల పెట్టెలు వచ్చేవట. ఒక ఏడాది ఆ పెట్టెలు పంపే చర్చి నుంచి ఒక దొరసాని వచ్చి, పిల్లల్ని వరసలో నిలబెట్టి, ఒక్కొక్కరికీ తనే గౌను తొడిగి నడుం వెనక రిబ్బను కట్టిందట. ‘ఎంత మెల్లగా కట్టిందనుకున్నావే, నొప్పెడతదేమోనని. అప్పటిదాకా నన్ను అట్టా ముట్టుకున్నోళ్ళే లేరు’ అని అమ్మ పోయేదాకా చెప్పింది. గౌను రంగు మర్చిపోయింది, దొరసాని పేరు మర్చిపోయింది, వీపు మీద ఆ వేళ్ళు మాత్రం మర్చిపోలేదు. బహుశా మా అమ్మ ఫోటో కూడా అమెరికాలో ఏదో చర్చి గోడ మీద వేలాడే ఉంటుంది, బీద పిల్ల అని. మా ఆయన చూపించే ప్రతి ఫోటోలోనూ నాకు అమ్మే కనిపిస్తుంది. నేను కుట్టిన గౌను ఒక్క పిల్లకైనా నేనే తొడిగి, ఆ పిల్ల భుజాల మీద రిబ్బను నేనే కట్టాలి. నా కోరికంతా అంతే. కోరిక అంత చిన్నదవడం వల్లే ఎవరికీ కనపడలేదేమో.

మా ఇంట్లో వద్దు అనే మాట లేదు. ‘ప్రార్థనలో పెడదాం’ అనే మాట ఉంది. నర్సింగ్‌లో పై చదువు చదువుతానంటే ప్రార్థనలో పెట్టారు, కాలేజీ అడ్మిషన్లు అయిపోయాయి. చెల్లెలి పెళ్ళికి ఇండియా వెళ్తానంటే ప్రార్థనలో పెట్టారు, పెళ్ళీ అయిపోయింది, బాలసారె కూడా అయింది. ఆయనకి కొత్త కారు కావాల్సి వచ్చినప్పుడు మాత్రం ప్రభువుకి శ్రమ ఇవ్వలేదు. అసలు మేం ఈ దేశం వచ్చిందే నా నర్సింగ్ ఉద్యోగం వీసా మీద, ఆయన నా డిపెండెంట్‌గా వచ్చారు. సాక్ష్యంలో అది ‘ప్రభువు నన్ను ఈ దేశానికి నడిపించాడు’ అయింది. నడిపించిన ప్రభువు నా ఉద్యోగంలోంచే నడిపించాడని చెబితే దేవుడికి ఏం తక్కువవుతుంది? ఎదురు మాట్లాడదామన్నా ఏమని మాట్లాడను, మనిషి వద్దనలేదు కదా. దేవుడు ఇంకా జవాబివ్వలేదు, అంతే.

ఆ ఏడాది, అంటే రెండువేల పన్నెండులో, టీమ్‌లోకి వైద్య శిబిరం కోసం నర్సింగ్ తెలిసిన మనిషి కావాలన్నారు. వెంటనే అడిగాను. ప్రార్థనలో పెడదాం అన్నారు. నేనూ ఈ ఇంట్లో ఇన్నేళ్ళు ఊరికే లేను కదా, ఆయన దారిలోనే వెళ్దామనుకున్నాను. ఆడవాళ్ళ ప్రార్థన కూడికలో పాస్టరమ్మగారు ‘ప్రమోదా, నీ ప్రేయర్ పాయింట్ చెప్పమ్మా’ అన్నప్పుడు, ‘ఈసారి మా ఇంటి నుంచి ఒక ఆడమనిషి కూడా ఆఫ్రికా సేవకి వెళ్ళేలా ప్రార్థన చెయ్యండి’ అన్నాను. నేను వెళ్ళేలా అని అనలేదు. మా దగ్గర ఆడవాళ్ళు ఏ కోరికా ‘నాకు’ అని అడగరు. పిల్లల కోసం, ఇంటి కోసం, ఇంటాయన ఉద్యోగం కోసం అడుగుతారు. అందరూ నా చేతులు పట్టుకుని కన్నీళ్ళతో ప్రార్థించారు. ఇక కాదంటే దేవుణ్ణే కాదన్నట్టు అవుతుంది, ఆయన కాదనలేరు అనుకుని సంబరపడ్డాను. క్రిస్మస్ నాడు వేరేవాళ్ళ డ్యూటీ చేసి దానికి బదులు జూలైలో సెలవు సంపాదించుకుని ఉన్నాను. టైఫాయిడ్ ఇంజెక్షన్ చేయించుకున్నాను. పువ్వు ముడి రెండుసార్లు వేసి చూసుకున్నాను కూడా, వేళ్ళు మర్చిపోతాయేమోనని.

జూన్‌లో అత్తయ్య చీరాల నుంచి దిగింది. మోకాళ్ళు అరిగిపోయాయి, స్నానానికీ మంచం దిగడానికీ చెయ్యి అందించాలి. ఏటా సెప్టెంబర్‌లో వచ్చే మనిషి. విమానం టికెట్ ఆయనే బుక్ చేశారు.

టీమ్‌ని పంపే ఆదివారం, వెళ్ళేవాళ్ళని ముందుకి పిలిచి తలల మీద చేతులుంచి ప్రార్థన చేస్తారు. పేర్లూ టికెట్లూ ఎప్పుడూ ఆయన చేతిలోనే, నా పేరు ఉందనే అనుకున్నాను. నేను లేవబోతుంటే ఆయన మైకు పట్టుకున్నారు. ‘మా ఇంటి నుంచి ఒక స్త్రీ వెళ్ళాలని సిస్టర్స్ అందరూ భారంతో ప్రార్థించారు. ప్రభువు జవాబిచ్చాడు. మా కెజియా వస్తోంది. కాలేజీ అప్లికేషన్స్‌కి ముందు సేవ అంటే ఏంటో పిల్ల తెలుసుకోవాలి. ఇంకో మాట. నా భార్య ప్రమోద తన స్థానాన్ని త్యాగం చేసింది, మా అమ్మకి సేవ చెయ్యడానికి. ఇలాంటి భార్యని ఇచ్చినందుకు దేవునికి స్తోత్రం.’ హాలంతా చప్పట్లు. పక్కనున్న కనకదుర్గ అక్క నా భుజం నిమిరి ‘నీ అంత గుండె నాకుండదమ్మా’ అంది. ఆవిడ చర్చికి కొత్తగా వచ్చింది, మనస్ఫూర్తిగానే అంది. చెయ్యని త్యాగానికి చప్పట్లు కొడితే మనిషి ఏం చెయ్యాలి? నాకు తెలియలేదు. లేవబోయినదాన్ని చీర కుచ్చిళ్ళు సర్దుకున్నట్టు సర్దుకుని కూర్చున్నాను. నవ్వాను కూడా అనుకుంటాను, ఫోటోలో అలాగే ఉంది.

ఇంటికొచ్చి అత్తయ్య కాళ్ళకి నూనె రాస్తుంటే ఆవిడే అంది. ‘నేను సెప్టెంబర్లో వస్తానంటే అబ్బాయే ఇనలా. జూన్లోనే రా అమ్మా, ఈసారి ప్రమోద ఇంటికాడే ఉంటది, సెలవు కూడా పెట్టింది అన్నాడు. నీకు చెప్పే పెట్టాడుగా?’

‘చెప్పారత్తయ్యా.’

‘నాకేందో నీ మొగం చూస్తే చెప్పలేదనిపిస్తంది’ అంది. ఆవిడా ఒక సువార్తికుడికి భార్యగా ఊరందరికీ గంజి కాచిపెట్టిన మనిషే. తర్వాత ఏమనుకుందో, ‘ఆ మోకాలు కాడ కొంచెం గట్టిగా రుద్దమ్మా’ అంది.

వాళ్ళు వెళ్ళారు. నేను సంపాదించుకున్న సెలవు అత్తయ్య స్నానాలకీ, జావలకీ, ఆవిణ్ణి చూడ్డానికి వచ్చిన చర్చివాళ్ళ టీలకీ అయిపోయింది. ఫేస్‌బుక్‌లో ఫోటోలు వచ్చేవి. నేను కుట్టిన గౌన్లన్నీ గుర్తుపట్టాను. ఇది పాస్టరమ్మగారిచ్చిన గులాబీల గలీబు, ఇది మా కెజియా చిన్నప్పటి దిండుది. ఒక్క గౌనుకీ పువ్వు ముడి లేదు. ఒక పిల్లకి మెడ వెనక రిబ్బన్లన్నీ కలిపి గోతాం మూతి కట్టినట్టు కట్టేశారు. ఇంకో పిల్లకి కట్టనే లేదు, జారిపోతున్న గౌనుని ఒక చేత్తో పట్టుకుని రెండో చెయ్యి కెమెరా వైపు ఊపుతోంది. ఆ ఫోటో కింద ఆయన పేరుకి ఎన్ని దీవెనలో. ఆ పిల్ల చెయ్యి చూసి నేను వంటింట్లో ఏడ్చాను. అత్తయ్యకి వినపడకుండా కుళాయి తిప్పి పెట్టుకుని ఏడ్చాను.

తిరిగొచ్చిన ఆదివారం కెజియా సాక్ష్యం చెప్పింది. అక్కడి అమ్మలు రోజంతా నీళ్ళు మోస్తారని, మగవాళ్ళు చెట్టు కింద కూర్చుంటారని, వాళ్ళని చూస్తే చాలా శాడ్‌గా అనిపించిందని, మనం ఎంత బ్లెస్డ్‌గా ఉన్నామో తెలిసిందని ఇంగ్లీషులో చెప్పింది. తనకి సర్వీస్ నేర్పింది డాడీ అంది. అందరికీ కళ్ళు చెమర్చాయి. నేను అప్పటికి వెనక గదిలో బిర్యానీ ట్రేల మీద రేకులు తీస్తున్నాను, తలుపు తెరిచి ఉంది కాబట్టి వినపడింది.

కారులో ఇంటికి వస్తుంటే అది వెనక సీట్లోంచి అడిగింది. ‘మమ్మీ, నువ్వు ఎందుకు రాలేదు? డాడీ చెప్పాడు, నీకు ట్రావెల్ ఇష్టం లేదు అని. ఇంట్లో ఉంటేనే యూ ఆర్ హ్యాపీ అని.’

నేను ఆయన వైపు చూశాను. ఆయన రోడ్డు వైపు చూస్తున్నారు. అత్తయ్య కిటికీ వైపు చూస్తోంది. నా మాట పైకి వచ్చేలోపే పిల్ల చెవుల్లో హెడ్‌ఫోన్స్ పెట్టేసుకుంది. నా గురించి నా కూతురికి ఒక సమాధానం దొరికింది, అది దానికి సరిపోయింది. ఇక ఎప్పుడు విప్పి చెప్పినా అది అమ్మ సణుగుడే అవుతుంది. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అని మా అమ్మ అనేది. ఆ ఈగల్ని కూడా పల్లకీలోంచే చూస్తుంది మా పిల్ల.

ఇంటికొచ్చాక అత్తయ్యని పడుకోబెట్టి టీ పెట్టాను. చర్చిలో ఇచ్చిన కొత్త గలీబుల సంచి భోజనాల బల్ల మీద, మిషను పక్కనే ఉంది. వచ్చే ఏటివి అప్పుడే మొదలయ్యాయి. ఆయన ఫోన్‌లో ఫోటోలకి వచ్చిన కామెంట్లు చదువుతూ టీ అందుకున్నారు.

‘ప్రమోదా, వచ్చే సంవత్సరం రిబ్బన్లు పెట్టకు. భుజాలు కుట్టేసి మెడకి ఎలాస్టిక్ వేసెయ్. పిల్లలందరికీ ఆ ముడులు వేస్తూ కూర్చోడానికే మాకు టైమంతా పోయింది. ఎలాస్టిక్ అయితే తల మీద నుంచి వాళ్ళే వేసుకుంటారు. ఎవరూ కట్టక్కర్లేదు.’

నేను సంచిలోంచి ఒక గలీబు తీశాను. నీలంది, మెత్తగా ఉంది, ఎన్నో ఏళ్ళు ఎవరో తల పెట్టుకుని పడుకున్నది. కత్తెర చేతికి అందేంత దూరంలోనే ఉంది. గలీబుని మళ్ళీ మడత పెట్టి, సంచిలో పెట్టి, సంచి మూతి ముడి వేశాను.

‘ప్రార్థనలో పెడదామండి’ అన్నాను.

ఆయన ఫోన్‌లోంచి తల ఎత్తకుండానే ‘ఆమెన్’ అన్నారు.