ఫోనుకి చెప్పకూడని ఇల్లు

"వదినా, ప్రతి మంగళవారం ఆ అట్టపెట్టెల ఫ్యాక్టరీ వెనక సందులో నీకేం పని?" అన్నాడు మరిది, భోజనాల దగ్గర, ఫోన్లోంచి తలెత్తకుండానే.

వదిన చేతిలో గరిటె ఆగిపోయింది. ఇళ్లకు వెళ్లి కట్లు మార్చే నర్సు ఆమె. ఎవరెక్కడున్నారో తెలిస్తే నిశ్చింతగా ఉంటుందని ఇంట్లో అందరి ఫోన్లనూ ఒకే మ్యాపులో కలిపింది ఈ మరిదే. అప్పట్లో ఆమెకూ అది మంచిదే అనిపించింది.

"పేషెంటు," అంది.

"వారం వారం ఒకే చోటికా? బాగా కలిగినవాళ్లేమో," అని నవ్వాడు మరిది. భర్త నవ్వలేదు.

మొగుళ్ల దెబ్బలకు పారిపోయి వచ్చిన ఆడవాళ్లు తలదాచుకునే ఇల్లు ఉంది ఆ సందులో. గేటుకు బోర్డు ఉండదు. ఆ చోటు ఎవరికీ చెప్పనని దాన్ని నడిపే వార్డెనమ్మకు మాటిచ్చింది. తను నోరు విప్పలేదు, సంచిలో పెట్టుకు తిరిగిన ఫోను చెప్పేసింది. మరిది మనసు మంచిదే కానీ కడుపులో మాట దాగదు.

మర్నాడు ఉదయమే వార్డెనమ్మకు ఫోన్ చేసి జరిగింది చెప్పింది.

"చెప్పి మంచిపని చేశావమ్మా. ఇంక ఇక్కడుండం. వచ్చే వారం కొత్త ఇంటికి రా. అడ్రసు చెబుతా, గుర్తుపెట్టుకో."

పనికి వెళ్తూ స్కూటరు ఒక గోడ పక్కన ఆపి, తనెక్కడుందో ఇంట్లోవాళ్లకు చూపే షేరింగ్‌ను ఫోన్లో తీసేసింది. తిరిగిన దారులన్నీ చెరిపేసింది. అయినా మనసు కుదుటపడక కొత్త మ్యాపు యాప్ వెతికింది. దొరికిన మొదటిదాని నిబంధనల్లో, ఎక్కడో అడుగున, మీరు తిరిగిన చోట్ల వివరాలు మా భాగస్వాములకు ఇస్తామని ఉంది. ఇంకొకటి ఫోన్లో నంబర్లన్నీ అడిగింది. "దారి చెప్పడానికి మా అత్తగారి నంబరెందుకు నీకు?" అని పైకే అనేసి, ఎవరైనా విన్నారేమోనని అటూ ఇటూ చూసింది.

చివరికి దొరికినది పేరు కూడా అడగలేదు. ఊరి మ్యాపంతా ఒక్కసారి ఫోన్లోకి దించుకుంటే చాలు, నెట్టు లేకుండానే దారి చూపుతుంది, ఎక్కడికి వెళ్లిందీ ఎవరికీ పంపదు. ఓపికున్న జనం తలో వీధీ గీసి కూర్చిన మ్యాపట. ట్రాఫిక్ సంగతి మాత్రం దానికి పట్టదు. దాన్నే ఉంచుకుంది.

ఆ సాయంత్రం భర్త గది తలుపు చేరవేశాడు. "మ్యాపులో నువ్వు కనిపించడం లేదు."

"తీసేశానండీ. పేషెంట్ల కోసం."

"తమ్ముడు అడిగిన చోటు గురించేనా? ఎవరున్నారక్కడ?"

"నా సంగతైతే మీ దగ్గర దాస్తానా? ఇది వేరేవాళ్లది."

అతను దిండు సర్దాడు, మళ్లీ సర్దాడు. "నేనేమనుకోవాలి మరి?"

"ఏమనుకున్నా సరే, అడక్కండి."

ఆ మాట ఆమెకే కటువుగా వినిపించింది. వెనక్కి తీసుకోలేదు.

మంగళవారం కొత్త మ్యాపు ఆమెను తీసుకెళ్లి తవ్వేసిన రోడ్డు ముందు నిలబెట్టింది. వెనక్కి తిరిగితే మళ్లీ అక్కడికే పొమ్మంది. ఎవరినైనా అడగాలంటే ఆ వీధి పేరు పైకి అనాలి. అనలేక, మ్యాపులో సందులు వేలితో పట్టుకుంటూ చుట్టూ తిరిగి ఎలాగో చేరింది.

చేతికి కట్టు విప్పించుకుంటున్న అమ్మాయి అడిగింది, "మీ వెనకాల ఎవరైనా వచ్చారా సిస్టర్?"

"లేదమ్మా," అంది. అంటూనే కిటికీ వైపు చూసింది.

ఇల్లు చేరేసరికి బాగా ఆలస్యమైంది. భర్త గుమ్మంలోనే ఉన్నాడు.

"ఎక్క..." అని మొదలుపెట్టి, ఆగాడు. గొంతు సవరించుకున్నాడు. "ఎక్కువ పనుందా ఇవాళ?"

"ఎక్కువేనండీ," అంది.

ఆమె లోపలికి రావడానికి అతను పక్కకు జరిగాడు.