ప్లగ్గు పక్క టేబులు

టీ గ్లాసులు తోముతోందన్న మాటే గానీ మౌనమ్మ చెవులు ముందుగదిలోనే ఉన్నాయి. తక్కువ మాట్లాడుతుందని కాలేజీలో ఆమెకు ఆ పేరు పెట్టారు. ఆ అద్దె ఇంట్లో ఉండేది ముగ్గురమ్మాయిలు. నాలుగో మంచం ఖాళీ. దానికోసం తన క్లాసులోని పొడుగుపిల్లను ఆమే రమ్మంది. మరమ్మతులని హాస్టల్ ఖాళీ చేయించారు, పరీక్షలేమో నెత్తిమీదున్నాయి. ఇక్కడా కాదంటే ఆ పిల్ల చదువు వదిలి ఊరెళ్ళాల్సిందే.

పొడుగుపిల్ల సంచి పక్కన పెట్టుకుని వరండాలో కూర్చుంది. లోపల విచారణ జరుగుతోంది.

“డ్రామా బ్యాచే. క్యాంటీన్లో రోజూ వాళ్ళ టేబుల్ దగ్గరే ఉంటుంది,” అంది టాపర్. ఇంట్లో పెద్దరికం ఆమెదే.

“ఇంకేం, మన చదువులు అటకెక్కినట్టే. అద్దం ముందు ఏడుపులూ, డైలాగులూ,” అంది కళ్ళద్దాలమ్మాయి.

ఆ కాలేజీలో మనిషిని తెలుసుకోవడానికి మాట్లాడక్కర్లేదు, తినేచోటు చూస్తే చాలు. కిటికీ దగ్గర మార్కులవాళ్ళు, తలుపు దగ్గర ఆటలవాళ్ళు, స్తంభం పక్కన నాటకాలవాళ్ళు. ఒక్కపూట టేబులు మారితే మర్నాటికి ఇంటిపేరే మారిపోతుంది.

మౌనమ్మకు ఒళ్ళు మండింది. తడిచేతులతోనే వచ్చింది.

“ప్లగ్గున్నది ఆ స్తంభానికే. తన లాప్‌టాప్ బ్యాటరీ పోయింది, అందుకే అక్కడ కూర్చుంటుంది. నాటకాల్లో తనకి ఓనమాలు కూడా రావు.”

టాపర్ మొహం విప్పారింది. “ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా తల్లీ. అయితే రమ్మను. కాకపోతే ఇకనుంచి మన టేబుల్ దగ్గరే కూర్చోవాలి. వాళ్ళతో తిరిగే మనిషి మనకొద్దు.”

పొడుగుపిల్ల గుమ్మంలోకొచ్చింది. “వాళ్ళు జరిగి చోటిచ్చారు. నువ్వు ఏ బ్యాచని అడగలేదు,” అంది మెల్లగా.

“ఎవరినిపడితే వాళ్ళని చేర్చుకుంటారు మరి,” కళ్ళద్దాలమ్మాయి నవ్వింది.

“వాళ్ళలో ఒక్కరితోనైనా మాట్లాడారా మీరు?” అడిగింది మౌనమ్మ. “పోనీ, తను డ్రామా బ్యాచే అనుకోండి. అయితే ఏం? మంచం మీద పడుకునేది మనిషా, బ్యాచా?”

“నీకెందుకే అంత పౌరుషం? నువ్వు మా బ్యాచేగా,” అంది టాపర్.

మౌనమ్మకు చెంప ఛెళ్ళుమన్నట్టయింది. తనెప్పుడు చేరింది? క్యాంటీన్లో కిటికీ పక్కన రెండేళ్ళుగా నోరుమూసుకుని కూర్చుంది, అంతే. వీళ్ళకు అది చాలిందన్నమాట. ఇందాక తను మాత్రం చేసిందేమిటి? ఆ పిల్ల నాటకాలవాళ్ళ మనిషి కాదని పూచీ ఇచ్చింది.

పొడుగుపిల్ల సంచి భుజానికి తగిలించుకుంది. చెప్పులేసుకుని మెట్లు దిగి వెళ్ళిపోయింది.