మాడిన ముక్క ఎవరిది?

"దారిలో తినడానికేమైనా కట్టావా?" అని అడిగాడు మొగుడు, బండి అద్దాలు తుడుస్తూ.

వెళ్ళేది చిప్స్ ఫ్యాక్టరీ చూడ్డానికి. అక్కడ బస్తాల కొద్దీ బంగాళాదుంపలు వేగుతుంటాయి. అయినా ఇంట్లోంచి ఒక డబ్బా కదలకపోతే ఆ మనిషికి ప్రయాణం మొదలైనట్టే ఉండదు. కట్టింది మరి! ఐదింటికే లేచి, అత్తగారికి మధ్యాహ్నానికి వండి మూతలు పెట్టి, మిగిలింది రెండు డబ్బాల్లో సర్ది సంచీలో పెట్టింది. ఆ సంచీ అడుగున, రుమాలు మడతలో ఒక కార్డుంది. డ్రైవింగ్ లైసెన్సు. వచ్చి నలభై రోజులైంది. ఇంట్లో ఎవరికీ తెలియదు.

ఇవాళ తిరిగొచ్చేటప్పుడు బండి తనే నడపాలి. ఆమెకున్నది ఆ ఒక్క కోరికే. పెళ్ళికి ముందు అన్నయ్య బండేసుకుని వీధులన్నీ చుట్టబెట్టిన పిల్ల. పెళ్ళయిన మొదటి వారంలో తాళంచెవి అడిగితే, "నేనుండగా నీకెందుకే శ్రమ?" అన్నాడాయన, ముద్దుగానే. "మొగుణ్ణి వెనక కూర్చోబెట్టుకుని పోతే చూసేవాళ్ళేమనుకుంటారమ్మా?" అంది అత్తగారు, అంత ముద్దుగా కాదు. ఆ రెండు మాటల మీద పంతొమ్మిదేళ్ళు గడిచిపోయాయి. వంట, గిన్నెలు, ఉతుకు, అత్తగారి మందుల వేళలు, వీటిల్లో దేన్నీ 'నేనుండగా నీకెందుకే' అని ఎవరూ ఆమె చేతిలోంచి లాక్కోలేదు. ఒక్క బండి దగ్గరే అందరికీ ఆమె శ్రమ గుర్తొచ్చింది. చివరికి ఆఫీసులో మధ్యాహ్నం భోజనాలు మానేసి, పక్క వీధిలోని డ్రైవింగ్ స్కూల్లో మళ్ళీ నేర్చుకుంది. లైసెన్సు చేతికొచ్చిన రోజు బాత్రూమ్‌లో తలుపేసుకుని పదిసార్లు చూసుకుంది.

"ఏంటివాళ ప్యాంటేశావ్?"

"గాలెక్కువుంటుందని."

ఊరు దాటేసరికి గాలి నిజంగానే ఎక్కువైంది. కుర్చీలు బల్లలు అమ్మే దుకాణాలు, టైర్ల కొట్లు వెనకబడ్డాయి. రెండు పక్కలా ఎత్తయిన చెట్లు, ఆకుల సందుల్లోంచి ఎండ ముక్కలు ముక్కలుగా పడుతోంది. ఇన్నేళ్ళూ పక్కకి తిరిగి కూర్చుని గోడలూ గేట్లూ చూసిన మనిషి ఇవాళ అటోకాలు ఇటోకాలు వేసి కూర్చుంది. మొగుడి భుజం మీదుగా చూస్తే రోడ్డు ఎదురొస్తోంది. హాయిగా అనిపించింది. ఆయన కూనిరాగం తీస్తున్నాడు. చెడ్డవాడు కాదు, ఆ మాట చెప్పుకోవాలి. టీ కొట్టు దగ్గర ఆగితే మొదటి గ్లాసు ఆమెకే తెచ్చిస్తాడు.

చెరువు గట్టు మీద "ఏమండీ" అంది.

"ఏంటీ?"

"చెరువు బావుందండీ."

ఘాట్ రోడ్డు మలుపులో మళ్ళీ "ఏమండీ" అంది. "గట్టిగా పట్టుకో" అన్నాడు. పట్టుకుంది. మాట నాలుక చివరిదాకా వచ్చి వెనక్కి పోయింది. పంతొమ్మిదేళ్ళ మొహమాటం, ఒక్క కొండెక్కగానే వదులుతుందా?

ఫ్యాక్టరీలో చూడ్డానికొచ్చినవాళ్ళందరి తలలకీ బట్ట టోపీలు తగిలించారు. మొగుడి మీసాలకి కూడా ఒక గుడ్డ కట్టేసరికి ఆమెకి నవ్వాగలేదు. దుంపలు నీళ్ళల్లో దొర్లి తొక్క ఊడగొట్టుకుని, కత్తుల చక్రంలో పడి రేకులై, కాగే నూనెలో ఈదుకుంటూ అవతలికి తేలుతున్నాయి. అక్కణ్ణుంచి కదిలే బెల్టు మీదికి. బెల్టుకి అటూ ఇటూ ఆడవాళ్ళు నిలబడి, నల్లబడినవాటినీ విరిగినవాటినీ చకచకా ఏరి పక్క తొట్లో పడేస్తున్నారు. ఆ చేతుల వేగం చూస్తూ ఆమె నిలబడిపోయింది.

"వేడి వేడివి రుచి చూడండి" అని వాళ్ళలో పెద్దావిడ పళ్ళెం చాచింది. అందరి చేతులూ పళ్ళెంలోకి వెళ్ళాయి. ఆమె చెయ్యి మాత్రం తొట్లోకి వెళ్ళింది. ఒక మాడు ముక్క తీసి నోటి దాకా తెచ్చింది కూడా.

"అయ్యో అక్కా, అవి పారేసేవి!" అంది పెద్దావిడ.

అందరూ నవ్వారు. మొగుడు అందరికంటే గట్టిగా నవ్వి, "మా ఆవిడకి మాడినవే ఇష్టమండీ. ఇంట్లో కూడా ఏరుకుని అవే తింటుంది" అన్నాడు.

ఇష్టమట! ఆమె చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. వెటకారం కాదది. నిజంగానే అలా అనుకుంటున్నాడు. మంచివి ఆయన పళ్ళెంలోకీ, మెత్తనివి అత్తగారి పళ్ళెంలోకీ పోయాక గిన్నెలో మిగిలేదాన్ని ఆమె ఇష్టం అనుకున్నాడు. ఆఫీసులోనూ అంతే. డ్రాయింగ్ సెక్షన్‌కి పెద్ద తనే అయినా, మీటింగ్ రోజున "మీరైతే నీటుగా సర్దుతారు మేడమ్" అని చిప్స్ పొట్లాలు తన చేతికే ఇస్తారు. అందరికీ పంచాక పొట్లం అడుగున మిగిలిన పొడి తనది. అదీ ఇష్టమే అనుకుంటున్నారు కాబోలు. ఆమెకి కోపమొచ్చింది. దాని వెనకే, ఎందుకో, ప్రాణం తేలికపడ్డట్టయింది.

"నిజంగా ఇష్టమా అక్కా?" అని అడిగింది పెద్దావిడ.

"కాదు" అంది ఆమె. "నాకూ మంచివే ఇష్టం."

"మరెప్పుడూ అనలేదే!" అన్నాడు మొగుడు.

"గిన్నె నా దాకా వచ్చేసరికి మిగిలేవి అవే కదండీ."

పెద్దావిడ మాడు ముక్క లాక్కుని తొట్లో పడేసింది. "ఇవి పశువుల దాణాకి పోతాయక్కా" అంటూ, పళ్ళెంలోంచి అరచేతంత నిండు రేకు ఏరి ఆమె చేతిలో పెట్టింది. ఉప్పు, వేడి, కరకర. ఆమె నిదానంగా, చివరిదాకా తనే తింది. మొగుడు ఆమెనే చూస్తూ నిలబడ్డాడు. మీసాల గుడ్డ తీయడం కూడా మరిచిపోయాడు.

బయటికొచ్చాక ఆయన జేబులోంచి తాళంచెవి తీశాడు. ఆమె సంచీలోంచి కార్డు తీసింది.

"ఇదేంటి?"

"నా లైసెన్సు. నలభై రోజులైంది."

"నాతో ఒక్క మాట..."

"చెప్తే ఏమనేవారో మీకూ తెలుసు."

ఆయన కార్డు కేసీ, ఆమె కేసీ చూశాడు. తాళంచెవి చాచాడు. "సరే కానీ, మన వీధి మొదట్లో ఆపు. అక్కణ్ణుంచి నేను నడుపుతా. అమ్మ చూస్తే బావుండదు."

ఆమె తాళంచెవి అందుకుని హెల్మెట్ పెట్టుకుంది. బండెక్కింది. సంచీ ఆయన ఒళ్ళోకెక్కింది. ఘాట్ రోడ్డు మొదటి మలుపులో "మెల్లగా, మెల్లగా" అన్నవాడు మూడో మలుపుకి గమ్మునయిపోయాడు. చెరువు దగ్గర మళ్ళీ కూనిరాగం తీశాడు. కాస్త భయంగానే, అయినా తీశాడు. ఆమె ముఖానికి గాలి తిన్నగా తగిలింది.

వీధి మొదలొచ్చింది. భుజం మీద తట్టాడు. "ఇక్కడే, ఇక్కడే ఆపు."

బండి ఆగలేదు. తిన్నగా ఇంటి గేటు దాకా పోయి, రెండుసార్లు హారన్ కొట్టింది.

అత్తగారు కళ్ళజోడు సర్దుకుంటూ బయటికొచ్చింది. డబ్బాల సంచీ వాటేసుకుని వెనక కూర్చున్న కొడుకుని చూసి కంగారుపడింది. "ఏమైందిరా? ఒంట్లో బాలేదా?"

తలనొప్పనో, కాలు బెణికిందనో అనడానికి కొడుకు నోరు తెరిచాడు.

"ఆయన శుభ్రంగా ఉన్నారత్తయ్యా" అంది ఆమె హెల్మెట్ తీస్తూ. "నాకిష్టమై నేనే నడిపాను."