మాటల్లేని స్నానం

ఆ వృద్ధాశ్రమంలో ఒక ఆయాను అందరూ వసపిట్ట అనేవారు. గుక్క తిప్పుకోకుండా మాట్లాడడం ఆమె జబ్బు. అలాంటి మనిషి నోటికి తాళం వేయడానికి ఊడిపడ్డాడు, ఆయాలకు పాఠం చెప్పమని మేనేజరమ్మ పిలిపించిన ధ్యానం మాస్టారు. నలగని చొక్కా, మెత్తటి గొంతు. ఏనాడూ ఒక ముసలాయన పక్కబట్ట మార్చిన పాపాన పోలేదు గానీ, ఆ పని ఎలా చేయాలో చెప్పడానికి మాత్రం తయారు.

"స్నానం చేయించేటప్పుడు మాట్లాడకండి. నీటి స్పర్శ మీదే మనసు పెట్టండి. అలసటే తెలీదు," అన్నాడు.

"అలసట పోవాలంటే ఇంకో ఇద్దర్ని పనిలో పెట్టుకోవాలి. నీళ్ల మీద మనసు పెడితే పోతుందా?" అని గొణిగింది వసపిట్ట. మేనేజరమ్మ ఉరిమి చూసింది. ఉద్యోగం తీపి కదా, వసపిట్ట నోరు కుట్టేసుకుంది.

మర్నాడు చివరి గదిలోని అమ్మమ్మ దగ్గరికి వెళ్లింది. ఆవిడకు చూపు లేదు. వసపిట్ట రోజూ గుమ్మంలోనే గొంతెత్తి, తన అత్తగారి ఆగడాలన్నీ ఏకరువు పెడుతూ ఒళ్లు తుడిచేది. ఆ రోజు పెదవి విప్పలేదు. తడిగుడ్డ తగలగానే అమ్మమ్మ కొయ్యబారిపోయింది. ఆపైన కెవ్వున అరిచి, చేతికందినచోటల్లా రక్కింది.

ఇక రోజూ అదే తంతు. "ముసలావిడకి పిచ్చి ముదిరింది. రేపు కూడా ఇలాగే చేస్తే పైఅంతస్తుకి పంపేద్దాం," అంది మేనేజరమ్మ. పైఅంతస్తంటే మత్తుమందు, తాళం వేసిన తలుపు. అక్కడికెళ్లి కిందికి దిగినవాళ్లు లేరు. మాస్టారేమో కళ్లు మూసుకుని, "ఆవిడలో అశాంతి ఉంది," అన్నాడు. ఆహా, ఏం కనిపెట్టాడండీ మహానుభావుడు!

వసపిట్టకు ఒళ్లు మండిపోయింది. మర్నాడు వాళ్లిద్దరూ గుమ్మంలో నిలబడి చూస్తుండగానే, "అమ్మమ్మా, నేనే! మా అత్త మళ్లీ అలిగింది, తెలుసా?" అని అందుకుంది.

అమ్మమ్మ చేతులు తడుముకుంటూ వచ్చి ఆమె ముఖాన్ని పట్టుకున్నాయి.

"నువ్వటే! అయితే నేను బతికే ఉన్నానా?"

"అవేం మాటలు అమ్మమ్మా!"

"మాటా పలుకూ లేకుండా ఒళ్లు తుడుస్తుంటే పోయాననుకున్నానే. శవాన్నే కదా అలా కడుగుతారు."

వసపిట్టకు ఏడుపొచ్చింది. మేనేజరమ్మ తల దించుకుంది, పైఅంతస్తు ఊసెత్తలేదు. మాస్టారు మాత్రం గొంతు సవరించుకుని, ఏదో బోధించడానికి లోపలికి అడుగేశాడు.

"తలుపేసి బయటికి నడవండి సార్," అంది వసపిట్ట. "ఆడమనిషి బట్టలు విప్పాలి. ఈమాత్రం తోచకపోతే ఇంకేం ధ్యానమండీ!"