సూరి వచ్చేసరికి

కరెంటు ఉన్నంతసేపే పని. అందుకే కన్నారావు పొద్దున్నే, మొహం మీద నీళ్ళు చల్లుకుని వచ్చి, కంప్యూటర్ పెట్టె మూత విప్పి, రంగులేసే కుంచెతో ఫ్యాను రెక్కల మీది దుమ్ము దులుపుతున్నాడు. దుమ్ములోంచి ఎండుచేపల వాసన వచ్చింది. నది అవతల దలాలో చేపలు ఎండబెట్టి అమ్ముకునే నాగదేవి ఇంట్లో చాలా ఏళ్ళున్న పెట్టె అది. ఎంత దులిపినా ఆ వాసన పోలేదు. పోగొట్టాలని అతనూ గట్టిగా ప్రయత్నించలేదు.

అహ్లోన్‌లో రేవు పక్కన ఒక పాత మేడ మెట్ల కింద అతని కొట్టు. నిటారుగా నిలబడితే తల తగులుతుంది. యాభై దాటిన కన్నారావు వీపు ఆ మెట్లకు తగ్గట్టే వంగింది. కళ్ళజోడు ఒక కొమ్మ విరిగితే రాగి తీగ చుట్టుకున్నాడు. తాత శ్రీకాకుళం వైపునుంచి ఓడెక్కి బర్మా వచ్చి ఈ రేవులోనే బియ్యం బస్తాలు మోశాడు. తండ్రీ మోశాడు. కూర్చుని చేసే పని నేర్చుకున్నది ఆ ఇంట్లో కన్నారావు ఒక్కడే. మొదట రేడియోలు బాగుచేశాడు. అవి పోయి టేప్‌రికార్డర్లు వచ్చాయి, అవీ పోయి డబ్బా టీవీలు, ఆ తరవాత కంప్యూటర్లు. ఏ వస్తువైనా అతని చేతికి బాగా అలవాటయ్యేసరికి దాని రోజులు చెల్లిపోయేవి. ఇప్పుడు జనం ఫోన్లు పట్టుకుని ఎదురు కొట్టుకి వెళుతున్నారు. అతని దగ్గరికి పారేయడానికి మనసొప్పని పాతవే వస్తాయి.

ఈ పెట్టె కూడా ఒకప్పుడు అతను అమ్మిందే. నాగదేవి కొడుకు సూరి బడిలో చదివే రోజుల్లో తల్లిని వెంటబెట్టుకుని వచ్చి కొనుక్కున్నాడు. కిందటి వానాకాలంలో ఆ సూరి పనినుంచి ఇంటికి వస్తూ దారిలో పట్టుబడ్డాడు. కుర్రాళ్ళను సైన్యంలోకి పట్టుకుపోతున్న రోజులు. లారీ ఎక్కించారని ఎవరో చూసినవాళ్ళు చెప్పారు. ఆ తరవాత రెండుసార్లు ఫోన్ చేశాడు. రెండోసారి మాట్లాడినప్పుడు, నా కంప్యూటర్ ఎవరికీ ఇవ్వకమ్మా అన్నాడట. చెమ్మకి పాడైపోతుందేమోనని నాగదేవి పక్కింటివాళ్ళ చేత వేయించి చూస్తే అది లేవలేదు. ఓ పూట బజారు మానుకుని దాన్ని కన్నారావు దగ్గరికి తెచ్చింది.

"వాడొచ్చీసరికి ఎలగున్నదో అలగే ఉండాల తమ్ముడా. ఏటీ మారకూడదు," అంది.

"అలగేలే అప్పా," అన్నాడు కన్నారావు. అన్నాక తెలిసింది, అది ఎంత కష్టమైన మాటో.

లోపలి డిస్కు టిక్కుటిక్కుమంటూ ఒకే ఒక్కసారి లేచింది. ఆ కాస్త వ్యవధిలోనే తెరను తన ఫోనుతో ఫోటో తీసుకున్నాడు. తరవాత ఆ తెర మళ్ళీ రాలేదు. సూరి ఫోటోలూ పాటలూ ఎలాగో వేరే డిస్కులోకి లాగాడు గానీ పాత విండోస్ దక్కలేదు. కొత్త విండోస్‌ను ఇంత ముసలి పెట్టె మోయలేదు. ఇక మిగిలింది లినక్స్. ఎందరో కలిసి రాసి ఊరికే పంచిపెట్టే ఆ వ్యవస్థలో రకాలు లెక్కలేనన్ని. పాతవాటి కోసమే తేలిగ్గా కట్టినవీ చాలా ఉన్నాయి.

మామూలుగా అయితే కన్నారావు ఇంత ఆలోచించేవాడు కాదు. ఇలాంటివాటికి పప్పీ అనే చిన్న లినక్స్ ఎక్కించి పంపేస్తాడు. మొత్తం మెమరీలోకే ఎక్కి కూర్చుని చకచకా నడుస్తుంది. ఈసారి కూడా ముందు అదే వేశాడు. వేగానికి వంక లేదు. కానీ తెర మీద బొమ్మలు వేరు, తెరుచుకునే తీరు వేరు. సూరి చూస్తే ఇది నాది కాదంటాడు. అది తీసేశాడు. లుబుంటు అనే మరో రకం కాస్త దగ్గరగా కనిపిస్తుందిగానీ దానికి కొత్త రకం ప్రాసెసర్ కావాలి. యాంటీఎక్స్ హాయిగా నడిచింది, అయినా ఆ తెర ముందు కూర్చుంటే పరాయి ఇంట్లో కూర్చున్నట్టుంది. చివరికి క్యూఫోర్ఓఎస్ దొరికింది. మిగతావాటికంటే కొంచెం బరువే, లేవడానికి కాసేపు పడుతుంది. అయితే కింద ఆ నీలం పట్టీ, మూలన ఆ బొత్తం, అచ్చం పాతదానిలా చేసుకోవచ్చు.

ఇప్పుడు ఫోనులోని ఫోటో చూస్తూ ఒక్కొక్క బొమ్మనూ దాని చోటికి జరుపుతున్నాడు. సూరి చెత్తబుట్టను తెర నడిమధ్యన పెట్టుకున్నాడు, ఎందుకో మరి. కన్నారావు కూడా నడిమధ్యనే పెట్టాడు. వెనక పరదాకి మునుపటిలాగే నాగదేవి ఫోటో వేశాడు. చేపల గంపల మధ్య కూర్చుని, ఫోటో వద్దంటూ చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది.

భార్య సాన్ సాన్ టీ గ్లాసు తెచ్చి పక్కన పెట్టి, తెర వైపు చూసింది.

"ఇంతకన్నా త్వరగా లేచేది లేదా?" అని బర్మీస్‌లో అడిగింది.

"ఉంది. సూరి గుర్తుపట్టడు."

వాళ్ళకు పిల్లలు లేరు. కుర్రాళ్ళను పట్టుకుపోవడం మొదలైన రోజుల్లో, మనకు లేకపోవడమే మంచిదయిందని అతను ఒకసారి అన్నాడు. ఆ మాటకి సాన్ సాన్ చాలా రోజులు అతనితో మాట్లాడలేదు. ఇప్పుడు వెళుతూ వెళుతూ నాగదేవి ఫోటో వైపు మరోసారి తిరిగి చూసింది.

కరెంటు పోయేలోగా పనయింది. కన్నారావు పెట్టెను ఖాళీ బియ్యం సంచిలోకి దించి, మూతి కట్టి, భుజానికెత్తుకున్నాడు. రేవు దగ్గర తుపాకీ పట్టుకున్న కుర్రాడు సంచి విప్పమన్నాడు. వాడికింకా మీసాలు కూడా సరిగ్గా రాలేదు. తొంగి చూసి, పొమ్మని తలాడించాడు. పడవలో కన్నారావు సంచిని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. నీటి తుంపర పడకుండా దాని మీద తన తువ్వాలు కప్పాడు. సూరి వచ్చి బొత్తం నొక్కుతాడు, కొంచెం ఆలస్యంగా లేస్తుంది, ముసల్దయిపోయిందమ్మా అంటాడు, అంతే. ఆ మాట వినడానికి తను అక్కడ ఉంటే బాగుండునని అతనికి చాలా కాలం తరవాత ఒక ఆశ కలిగింది.

నాగదేవిది స్తంభాల మీద నిలబెట్టిన తడికెల ఇల్లు. కింద నీడలో ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. అతన్ని చూసి పక్కకి జరిగి దారిచ్చారు. మెట్లెక్కి వెళితే, చేపల గంపలు గోడవార బోర్లించి ఉన్నాయి.

"ఏటప్పా, ఈయేల బజారుకి ఎల్లనేదా?"

"నేదు," అంది నాగదేవి. "రా, కూకో."

మూలనున్న పాత తెరకి తీగలు తగిలించి బొత్తం నొక్కాడు. కరెంటు ఇక్కడ ఇంకా ఉంది. తెర కాసేపు నల్లగా ఉండి, తరవాత వెలిగింది. బొమ్మలన్నీ వాటి వాటి చోట్లలో వచ్చాయి. నాగదేవి నేలమీద కూర్చుని, మోకాళ్ళ మీద గడ్డం ఆనించి, రెప్ప వాల్చకుండా చూసింది.

"అలగే ఉన్నాదా?" అని అడిగాడు.

"అలగే ఉన్నాది," అంది. తెర నడిమధ్యకి వేలు చూపించి, "ఆ బుట్ట ఆ మద్దిలోనే ఉండీది. నాను తిట్టీదాన్ని, ఇల్లు మద్దిన సెత్తబుట్టేటిరా అని."

కన్నారావు నవ్వాడు. ఆమె నవ్వలేదు.

"పొద్దున్న పోనొచ్చింది తమ్ముడా," అంది తెర వైపే చూస్తూ. "ఎవడో. సూరి అమ్మవేనా అని మళ్ళా మళ్ళా అడిగినాడు. ఏదో ఊరి పేరు సెప్పినాడు. నాకు నోరు తిరగనేదు. వాడి ఒళ్ళు ఇంటికి తేడానికి దారి నేదంట."

కన్నారావు చేతిలో మౌసు ఉంది. దాన్ని కింద పెట్టాలన్న ధ్యాస కూడా రాలేదు. వీధిలో ఏదో సైకిల్ రిక్షా గంట కొట్టుకుంటూ పోయింది.

"ముందే సెప్పకపోనావా అప్పా."

"బరువెత్తుకుని ఒచ్చినావు. వాడి పని కదా, అవనీ అనుకున్నాను."

కన్నారావు ఇన్నాళ్ళూ ఎన్నో పాడైనవాటి ముందు కూర్చున్నాడు. ఇది అవుతుందనో ఇది కాదనో అప్పుడు అతని దగ్గర ఒక మాట ఉండేది.

"దీన్ని ఆపడం ఎలగో సెప్పు," అంది నాగదేవి.

"నాను ఆపుతాన్లే."

"నాకు సెప్పు."

మౌసు ఆమెకిచ్చాడు. ఆమె ఎన్నడూ దాన్ని ముట్టుకోలేదు. ఉప్పు తిని పగిలిన అరచెయ్యి దాన్ని పూర్తిగా కప్పేసింది. బాణం తెరంతా తిరిగింది, ఆమె ఫోటో మీదుగా వెళ్ళింది, అంచుకి తగిలి ఆగింది. కన్నారావు ఆమె చెయ్యి పట్టుకోలేదు. "కిందకి అప్పా... ఇంకా కిందకి... అదే, ఆ మూల," అని చెబుతూ పోయాడు. బాణం మూలకి చేరింది. ఆమె నొక్కింది. మళ్ళీ ఎక్కడ నొక్కాలో చూపించాడు, అక్కడా నొక్కింది. లోపల ఫ్యాను కొంచెంసేపు తిరిగి, నిదానమై, ఆగిపోయింది.

కింద కూర్చున్న ఆడవాళ్ళు మెట్లెక్కి లోపలికి వచ్చారు. అంతవరకూ నిబ్బరంగా ఉన్న నాగదేవి వాళ్ళలో ఒకామె ఒళ్ళో ఒరిగిపోయింది. ఆమె గొంతులోంచి వచ్చిన చప్పుడు ఏడుపులా లేదు. కన్నారావు గడప దగ్గర నిలబడి రెండు చేతులూ జోడించి, ఎవరూ చూడకుండానే మెట్లు దిగాడు.

చూరు కింద ఒక మేకుకి, కుర్రాళ్ళు గుండ్రంగా నిలబడి కాళ్ళతో ఎగరేసే పేము బంతి ఒకటి వేలాడుతోంది. ఒకచోట తెగిన పేమును ఎవరో వల అల్లే నీలం దారంతో ఓపిగ్గా చుట్టి కట్టారు. ఆ ముడి ఇంకా బిగువుగానే ఉంది.