పేడ పన్నాగం

తన కూతురు డాక్టరు కావాలని నాగేశ్వరి కోరిక. ఆ కోరిక తీరేటట్టే కనిపించింది కూడా. కాకపోతే కూతురు ఎంచుకున్న రోగులకు నాలుగేసి కాళ్లున్నాయి. తల్లికి ఒళ్లు మండింది అక్కడే.

కువైట్‌లోని అబూ హలీఫాలో కాపురమున్న తెలుగు తల్లులు తమ పిల్లల భవిష్యత్తును ఎప్పుడో పంచేశారు. లెక్కలొస్తే ఇంజనీరు, రాకపోతే డాక్టరు. మూడో దారి ఉందని ఎవరికీ తోచలేదు. అలాంటిది పన్నెండో తరగతి చదువుతున్న సూర్య ఒక పొద్దున వంటింటి గుమ్మంలో నిలబడి, పశువైద్య కళాశాలకు దరఖాస్తు పెడతానంది. పెనం మీద అట్టు మాడిపోయింది.

"గేదెల తోకలెత్తి చూడ్డానికా నిన్ను ఇంగ్లీషు మీడియంలో చదివించింది?" అంది నాగేశ్వరి.

"తోకొక్కటే కాదమ్మా, నోరు కూడా తెరిచి చూడాలి."

సూర్య అసలు పేరు సూరాయమ్మ. నాయనమ్మ పేరు పెట్టుకుంటే నాయనమ్మ మొండితనం ఉచితంగా వచ్చిందని నాగేశ్వరి నమ్మకం. తండ్రి వెంకటసత్యనారాయణ దజీజ్‌లో ఒక గోడౌన్‌కు లెక్కలు రాస్తాడు. ఇంట్లో మాటా మాటా పెరిగితే మెల్లగా చెప్పులేసుకుని బయటికి జారుకునే శాంతమూర్తి. ఈసారి మాత్రం అలా జారుకున్న మనిషి ఒక డాక్టరును వెంటబెట్టుకుని వచ్చాడు.

ఆ వచ్చిన హుస్సేన్ వలిది కడప. సులైబియా వైపు ఒక పాల ఫారంలో పశువుల డాక్టరు. టీ తాగుతూ సూర్య చెప్పిందంతా విని, కప్పు కింద పెట్టాడు.

"దరఖాస్తు తర్వాత పెడుదువుగానీ, ముందు మా ఫారానికి రామ్మా. పుస్తకంలో ఆవు తన్నదు, పేడ వెయ్యదు. ఈ చలికాలం శుక్రవారాలన్నీ వచ్చి పని చెయ్. పశువు దగ్గర నిలబడగలవో లేదో నీకే తెలుస్తుంది. నిలబడితే నేనే కాగితం రాసిస్తా."

అక్కడికక్కడే ఒప్పందం కుదిరింది. చలికాలం అయ్యేదాకా సూర్య ఒక్క శుక్రవారం కూడా మానకూడదు. ఆఖర్న డాక్టరు సరేనంటే తండ్రి దరఖాస్తు మీద సంతకం పెడతాడు. మధ్యలో వెనక్కి తగ్గితే మారు మాట్లాడకుండా మనుషుల డాక్టరు చదువుకు కూర్చోవాలి.

"అలాగే కానివ్వండి," అంది నాగేశ్వరి వెంటనే. పెళ్లాం ఇంత సులువుగా ఒప్పుకోవడం ఎన్నడూ చూడని వెంకటసత్యనారాయణకు కొంచెం భయమేసింది.

ఆమె ధీమా ఆమెది. పేడంటే ఏమిటో ఆ ఇంట్లో ఆమె ఒక్కదానికే తెలుసు. ముమ్మిడివరం దగ్గర పుట్టింట్లో, బడికి వెళ్లే ముందు గేదెల పాకలో పేడ ఎత్తిపోయడం తన వంతు. ఎంత తోముకున్నా చేతులకు ఆ వాసన పోయేది కాదు. బల్ల మీద పక్కన కూర్చున్న పిల్లలు ముక్కు మూసుకుని చివరికంటా జరిగిపోయేవారు. కోపమొచ్చినా బాగుండేది, ఆమెకు సిగ్గేసేది. అయిదో తరగతి మధ్యలో ఆ సిగ్గుతోనే బడి మానేసింది. ఈ సంగతి మొగుడికి కూడా చెప్పలేదు. కువైట్ వచ్చాక సబ్బులకూ పౌడర్లకూ ఆమె పెట్టే ఖర్చు చూసి అందరూ సోకు అనుకున్నారు గానీ, ఆ బల్ల మీది ఖాళీ ఇంకా ఆమె పక్కనే ఉంది. అటువంటి ఖాళీ కూతురి పక్కన రాకూడదు. అంతే ఆమె పట్టుదల.

మగవాళ్లు పనిచేసే చోటికి వయసొచ్చిన పిల్లను ఒంటరిగా పంపరు కాబట్టి నాగేశ్వరి కూడా బయల్దేరింది. వెంకటసత్యనారాయణ తన పాత డాట్సన్‌లో ఇద్దర్నీ ఫారం గేటు దగ్గర దించి, అర్దియాలో స్నేహితుల దగ్గరికి పేకాటకు పోయేవాడు. రేకుల నీడలో ఆమెకొక ప్లాస్టిక్ కుర్చీ వేశారు. చేతిలో ఫ్లాస్కు, ఒళ్లో ఊరినుంచి ఎవరో తెచ్చిన పాత వారపత్రిక పెట్టుకుని, కూతురు ముక్కు మూసుకుని పరిగెత్తుకొచ్చే క్షణం కోసం ఆమె ఎదురుచూస్తూ కూర్చుంది.

మొదటి శుక్రవారమే వ్యవహారం అడ్డం తిరిగింది. సూర్యకు ఒక లేగదూడను, పాలసీసాను అప్పగించారు. దూడ సీసా అవగొట్టి సూర్య వేళ్లు చీకడం మొదలుపెట్టింది. పిల్ల మొహం చూస్తే బంగారు గాజులు కొనిచ్చిన రోజున కూడా అంత వెలుగు లేదు. ఇలాగైతే కొంప మునుగుతుందని నాగేశ్వరి లేచి, పనివాళ్ల మీద పెద్దగా ఉన్న సిద్ధయ్య దగ్గరికి వెళ్లింది. అతనిదీ కడప జిల్లాయే. నలభై దాటిన మనిషి, నెత్తిన తెల్ల గుడ్డ, మొహాన ఎప్పుడూ ఏదో నమ్మలేనట్టు ఒక చూపు.

"సిద్ధయ్య గారూ, మా అమ్మాయికి ఇలాంటి ముద్దు పనులు వద్దండి. ఇక్కడున్నవాటిలో ఏది బాగా కంపో అది ఇవ్వండి."

సిద్ధయ్య ఆమెను కిందికీ పైకీ చూశాడు. "కంపుకి ఈడేం కొదవ లేదుమ్మా. ఎంత కావల్లంటే అంత ఉండాది. కానీ పాప ఏడిస్తే ఎట్ల?"

"ఏడవనివ్వండి. వచ్చే వారం మీకు ఆవకాయ తెస్తాను."

ఇంటి ఆవకాయ రుచి చూసి ఎన్నాళ్లయిందో ఏమో, సిద్ధయ్య ఇంకేమీ అడగలేదు.

అప్పట్నుంచి సూర్యకు కష్టాలు మొదలయ్యాయి. కనీసం నాగేశ్వరి అలా అనుకుంది. ఒక వారం పార ఇచ్చి కొట్టం పొడుగునా పేడ ఎత్తించారు. ఇంకో వారం పారుడు పట్టుకున్న దూడల తోకలు కడిగించారు. మరో వారం చీము పట్టిన గిట్టను డాక్టరు చెక్కుతుంటే ఆ కాలు పట్టుకుని నిలబడమన్నారు. ఆ గిట్ట కంపు కుర్చీ దాకా వచ్చేసరికి, నాగేశ్వరి తాగుతున్న టీ పారబోసింది. సూర్య మాత్రం మెడ వంచి గిట్టలోకి తొంగిచూస్తూ డాక్టరును ప్రశ్నలతో తినేసింది.

కొన్నాళ్లకు ఆవులన్నీ ఆమెకు విడివిడిగా తెలిశాయి. ఫారంలో వాటికి పేర్లు లేవు, చెవికి నంబరు బిళ్లలే. సూర్య ఊరుకోలేదు. మెడ నిక్కించి, పక్క ఆవులను లెక్కచేయకుండా నడిచే ఒక బరువైన నల్లమచ్చల ఆవుకు అచ్చాయమ్మ అని పేరు పెట్టింది. తమ బిల్డింగులోనే, తమ అంతస్తులోనే ఉండే అచ్చాయమ్మ గారి నడక అచ్చం అలాగే ఉంటుంది. నాగేశ్వరి తప్పని కసిరింది, తర్వాత మొహం పత్రికలో దాచుకుని నవ్వింది.

ఇంటికొచ్చాక సూర్య రెండింతలు తినేది. తింటూ తింటూ, దూడకు పారుడైతే ఏ రంగు చూస్తే ఏ జబ్బనుకోవాలో తండ్రికి వివరించేది. వెంకటసత్యనారాయణ తన కంచంలో పప్పును కాసేపు చూసి, మజ్జిగతో సరిపెట్టుకునేవాడు. నాగేశ్వరి పాచిక ఒక్కటీ పారలేదు. అయినా ఆశ వదల్లేదు. వదలనిది ఇంకొకటి కూడా ఉంది. ప్రతి శుక్రవారం తిరిగొచ్చాక కూతుర్ని లిఫ్టు ఎక్కనివ్వకుండా నాలుగంతస్తులూ మెట్ల మీద ఎక్కించేది. లిఫ్టులో ఎవరైనా ఎదురై ముక్కు మూసుకుంటారని. సూర్య అడిగితే, మోకాళ్లకు మంచిదని చెప్పేది.

ఆఖరి శుక్రవారం వచ్చింది. డాక్టరు మాట వినాలని వెంకటసత్యనారాయణ ఆ రోజు పేకాట మానుకుని, పెందరాళే ఫారానికి వచ్చి కారులో కూర్చున్నాడు. సరిగ్గా అప్పుడే నల్లమచ్చల అచ్చాయమ్మకు నొప్పులు మొదలయ్యాయి. దూడ పెద్దది, ముందరి కాళ్ల దాకా వచ్చి ఆగింది. డాక్టరు కాళ్లకు తాడు కట్టి, ఆవు ముక్కినప్పుడల్లా లాగమని చెప్పాడు. ఒక కొస సిద్ధయ్య పట్టుకున్నాడు, ఇంకో కొస సూర్య. చేతులు మోచేతుల దాకా జిగురు. సరిగ్గా ఆ సమయంలో సూర్య జడ విడిపోయి జుట్టంతా కళ్ల మీద పడింది.

"అమ్మా, జుట్టు," అంది సూర్య, తాడు వదలకుండా.

కుర్చీలోంచి ఎప్పుడు లేచిందో, గడ్డిలోకి ఎప్పుడు నడిచిందో నాగేశ్వరికే తెలియదు. కూతురి వెనక నిలబడి జుట్టు ముడేసి తన పిన్నుతో బిగించింది. వంగి ఉన్న ఆ లేత వీపు చెమటతో తడిసిపోయి, ఊపిరి ఎగసిపడుతూ, అయినా తాడు మీద పట్టు సడలకుండా ఉంది. తల్లి ఆ వీపు మీద అరచెయ్యి ఆనించింది. "లాగవే తల్లీ," అంది గట్టిగా. అరబ్బుల్లా యల్లా యల్లా అని తొందరపెడుతూ సిద్ధయ్య లాగాడు. దూడ జర్రున జారి బయటపడింది. దాంతో పాటు వచ్చిన నీళ్లన్నీ నాగేశ్వరి జపాన్ నైలాన్ చీర మీద పడ్డాయి.

దూడ తల విదిలించింది. సూర్య గడ్డితో దాని ముక్కు తుడిచి, అక్కడే కూలబడి, తల్లిని చూసి పకపకా నవ్వింది.

చేతులు కడుక్కుని డాక్టరు వెంకటసత్యనారాయణను పిలిచాడు. "ఇంతకు ముందు కూడా పిల్లలు వచ్చినారు సత్యనారాయణా. దూడను నిమిరి, ఫోటో తీసుకుని, రెండో వారానికి కనపడకుండా పోయినారు. ఈ పిల్ల మాత్రం ప్రతి వారం ఎవరూ ముట్టని పని అడిగి తీసుకుంది. నేను అదే రాస్తాండా. నువ్వు సంతకం పెట్టు."

"నేనడగలేదండి," అంది సూర్య. "సిద్ధయ్య బాబాయ్ ఏది చెప్తే అది చేశానంతే."

అందరూ సిద్ధయ్య వైపు చూశారు. అతను నెత్తి గుడ్డ సర్దుకున్నాడు. "నాదేముంది సార్. అమ్మే చెప్పింది. ఏది కంపో అదే ఇమ్మనింది. ఆవకాయ గూడా ఇచ్చింది."

నాగేశ్వరికి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"తల్లంటే ఇట్ల ఉండల్ల," అన్నాడు డాక్టరు తలూపుతూ. "బిడ్డను గట్టిపరచల్లంటే ఇంతకంటే దారి లేదు."

వెంకటసత్యనారాయణ పెళ్లాన్ని కొత్తగా చూశాడు. "నాకు చెప్పనేలేదేంటి నాగేశ్వరీ?" అన్నాడు ఆరాధనగా. ఆమె చీర కుచ్చెళ్లు దులుపుకుంది. కూతురు మాత్రం కళ్లు చిన్నవి చేసుకుని తల్లినే చూస్తోంది.

సిద్ధయ్య, దూడ తాగగా మిగిలిన జున్నుపాలు ఒక చిన్న క్యానులో పోసి తెచ్చి ఇచ్చాడు. కారులో తల్లీకూతుళ్లు వెనక కూర్చున్నారు. వెంకటసత్యనారాయణ నాలుగు అద్దాలూ దించి, అంత చలిలోనూ తల బయట పెట్టుకుని నడిపాడు.

"నేను పారిపోతాననుకున్నావు కదమ్మా," అంది సూర్య మెల్లగా.

"అనుకున్నానే."

"ఎందుకు?"

నాగేశ్వరి క్యాను మూత మీద చెయ్యి పెట్టి, రోడ్డు వైపు చూస్తూ చెప్పింది. గేదెల పాక, చేతుల వాసన, బల్ల చివరికంటా జరిగిపోయిన పిల్లలు, మానేసిన బడి. మొదటిసారి చెబుతున్నందువల్లేమో మాటలు ముక్కలు ముక్కలుగా వచ్చాయి. ముందు సీట్లో వెంకటసత్యనారాయణ తల లోపలికి తీసుకున్నాడు. 

"వాళ్ల పేర్లేంటమ్మా?" అంది సూర్య.

"ఇప్పుడు దేనికే?"

"వాళ్ల గేదెలకి జబ్బు చేస్తే నేను వెళ్లను."

నాగేశ్వరికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "తప్పే. గేదెలేం చేశాయి పాపం. వెళ్లాలి," అంది కళ్లు తుడుచుకుంటూ.

వెంకటసత్యనారాయణ కారు ఎక్కడో పెట్టి వస్తానని వాళ్లను బిల్డింగు ముందు దించాడు. క్యాను సూర్య చేతికిచ్చి నాగేశ్వరి అలవాటుగా మెట్ల వైపు తిరిగింది.

"ఇవాళ లిఫ్టులో పోదాం అమ్మా. కాళ్లు లాగేస్తున్నాయి," అంది సూర్య.

నాగేశ్వరి ఒక్క క్షణం ఆగింది. తన చీర చూసుకుంది. తర్వాత లిఫ్టు బొత్తాం తనే నొక్కింది.

తలుపు మూసుకోబోతుండగా అచ్చాయమ్మ గారు మెడ నిక్కించి లోపలికి వచ్చారు. రెండో అంతస్తు రాకుండానే ఆమె కొంగు ముక్కు మీదికి వెళ్లింది. చిన్న లిఫ్టులో ఎంత జరగగలరో అంతా జరిగి, గోడకు అంటుకుని నిలబడ్డారు.

"ఏంటి వదినా ఈ వాసన? మీ దగ్గరేనా?"

నాగేశ్వరి చెవులు వేడెక్కాయి. బల్ల, బడి, ఆ సిగ్గు, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. ఆమె తల ఎత్తింది.

"మా దగ్గరే వదినా. పేడ. మా సూర్య ఇవాళ పురుడు పోసిందండి. పశువుల డాక్టరవుతుంది."

కొంగు కొంచెం కిందికి దిగింది. "పురుడా? ఎవరికి?"

తల్లీకూతుళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా పళ్లు బిగించారు. "తెలిసినావిడకే లెండి," అంది నాగేశ్వరి ఎలాగో. "జున్నుపాలు కూడా ఇచ్చారు. స్నానం చేసి వండుతాను, సాయంత్రం రండి."

జున్ను మాట వినగానే అచ్చాయమ్మ గారి కొంగు పూర్తిగా భుజం మీదికి వెళ్లిపోయింది. అయినా గోడను మాత్రం వదల్లేదు. నాగేశ్వరికీ ఆమెకూ మధ్య జానెడు ఖాళీ అలాగే ఉంది.

సూర్య ఆ ఖాళీని చూసింది. క్యాను చెయ్యి మార్చుకుని, ఒక అడుగు జరిగి ఆ ఖాళీలోకి వచ్చి, తల్లి భుజానికి భుజం ఆనించి నిలబడింది.